లోపలి గొళ్లెం

నాకు అసూయ ఎక్కువ. ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు. మా చర్చి సంఘంలో ఆడవాళ్లందరి ముందు నిలబడి నా నోటితోనే చెప్పుకున్నాక ఇంకా దాచేదేముంది? పక్కింటామె పట్టుచీర చూసి కుళ్లుకునే రకాన్ని కాదు నేను. బంగారం చూసి కాదు, బంగళా చూసి కాదు. అరవై ఎనిమిదేళ్ల వయసులో నాకు కడుపు మండింది పదడుగుల గదిని చూసి. ఆ గదికి ఒక తలుపు, ఆ తలుపుకు లోపలి వైపు ఒక గొళ్లెం. అంతే.

హుజూరాబాద్‌లో మా చర్చి కాంపౌండు వెనక వరసగా మూడు పెంకుటి గదులున్నాయి. పాతకాలంలో ఎవరో కట్టించారు. వయసు మళ్లిన ఆడవాళ్లు బతికినన్నాళ్లు అందులో ఉండొచ్చు. అద్దె లేదు. కరెంటు బిల్లు సంఘమే కడుతుంది. నియమం ఒక్కటే, వాళ్లకు ఎవరూ ఉండకూడదు. మొగుడు, కొడుకు, బిడ్డ, ఎవరూ.

రెండో గదిలో నా స్నేహితురాలు ఉంటుంది. నాకంటే రెండేళ్లు పెద్ద కాబట్టి అక్కా అనే పిలుస్తాను. చిన్నప్పుడు ఇద్దరం ఒకే బోర్డింగులో చదివాం. ఆమె నర్సయింది, ఊళ్లు తిరిగి కాన్పులు చేసింది, పెళ్లి మాత్రం చేసుకోలేదు. నేను టీచర్నయ్యాను, పెళ్లి చేసుకున్నాను, కొడుకును కన్నాను, మొగుణ్ని మట్టికి అప్పగించాను. లోకం దృష్టిలో గెలిచినదాన్ని నేనే. ప్రార్థన కూటాల్లో ఆడవాళ్లు నన్ను చూసి "నీకేందమ్మా, కొడుకు నీడల ఉన్నవ్" అంటారు. ఆమెను చూస్తే నాలుక చప్పరించి "పాపం" అంటారు. ఆ పాపం అనే మాట నా గురించి ఎవరైనా అంటే బాగుండునని నేను కోరుకున్న రోజులున్నాయి. నవ్వుకుంటే నవ్వుకోండి.

బోర్డింగులో కూడా ఆమెను చూసి కుళ్లుకున్నాను. అదీ చెప్పేస్తాను. పెద్ద హాలులో ముప్పై మందిమి చాపలు పరుచుకుని పడుకునేవాళ్లం. కిటికీ కింద చోటు ఆమెది. ఎండాకాలంలో గాలి తగిలేది అక్కడొక్కచోటే. నేను గోడ మూలన చెమటకు తడుస్తూ ఆమె హాయిగా నిద్రపోవడం చూసేదాన్ని. ఒకరోజు మేట్రన్ దగ్గరికి పోయి, ఆమె కిటికీలోంచి రోడ్డు మీది పిల్లగాళ్లకు చీటీలు విసురుతోందని చెప్పాను. పచ్చి అబద్ధం. మేట్రన్ ఆమెను నాలుగు బాది తలుపు దగ్గరికి మార్చి, కిటికీ కింద నన్ను పడుకోమంది. చాడీ చెప్పిందెవరో ఆమెకు తెలియదు. తెలియదనే ఇన్నేళ్లూ అనుకున్నాను.

ఇక గది సంగతి. రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం మామిడికాయ తొక్కు తీసుకుని ఆమె దగ్గరికి పోయాను. తలుపు మూసి ఉంది. కొట్టాను.

"ఎవలు?" అని లోపలి నుంచి గొంతు.

"నేనే అక్కా."

గొళ్లెం తీసిన చప్పుడైంది. చూద్దును కదా, ఆమె లంగా మీద, జాకెట్టు మీద ఉంది. జుట్టు విరబోసుకుంది. ఫ్యాను తిరుగుతోంది. మంచం మీద సగం తిన్న జామకాయ.

"ఎండకు చీర కట్టబుద్ధి కాలేనే. గొళ్లెం పెట్టుకున్న, పండుకున్న. ఎవలు చూడొచ్చిండ్రు?" అంది నవ్వుతూ, మళ్లీ గొళ్లెం పెట్టేస్తూ.

ఆ రోజు నాకు మాట్లాడబుద్ధి కాలేదు. తొక్కు డబ్బా అక్కడ పెట్టి, తలనొప్పి అని చెప్పి వచ్చేశాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. పెళ్లికి ముందు బోర్డింగు హాలు. పెళ్లయ్యాక అత్తగారింట్లో పదిమంది. తర్వాత మొగుడు, కొడుకు. ఇప్పుడు మళ్లీ హాలే. పట్టపగలు లోపలి నుంచి గొళ్లెం పెట్టుకుని, ఒంటి మీద చీర లేకుండా, ఎవరికీ జవాబు చెప్పకుండా పడుకున్న రోజు నా బతుకులో ఒక్కటంటే ఒక్కటి లేదు. బాత్‌రూములో తప్ప నేను ఎక్కడా గొళ్లెం పెట్టిన మనిషిని కాదు.

మా ఇల్లు మా ఆయన కట్టిందే. ఒక హాలు, ఒక పడకగది, వంటిల్లు. కొడుకు మార్కెట్ యార్డులో గుమాస్తా, పొద్దున పోతే దీపాలు పెట్టే వేళకు వస్తాడు. మనవరాలు పెద్దపల్లి దగ్గర హాస్టల్లో చదువుకుంటోంది. కోడలు ఇంట్లో జాకెట్లు కుడుతుంది. మిషను పడకగదిలో, వాళ్ల పడకా అక్కడే. ఆ గది నాదే ఒకప్పుడు. కోడలు కుట్టుపని మొదలుపెట్టినప్పుడు "నాకెందుకే గది, నేను హాల్ల పండుకుంట" అని నేనే ఇచ్చాను. నలుగురూ మెచ్చుకున్నారు కూడా. మెప్పు వారం రోజులుంది. దివాను మాత్రం అప్పటి నుంచీ ఉంది.

దివాను అంటే నా మంచం. పగలు దాని మీద ఊరంతా కూర్చుంటుంది. జాకెట్టు కొలతలిచ్చేవాళ్లు, తీసుకుపోయేవాళ్లు, చెయ్యి బిగుతైందని గొడవ పెట్టేవాళ్లు, వాళ్ల పిల్లలు, పిల్లల బిస్కెట్లు. నా దిండు పక్కనే టేపు పట్టుకుని నడుం కొలతలు తీస్తుంటుంది మా కోడలు. జర జరుగుండ్రి అత్తమ్మా అంటుంది. నేను జరుగుతాను. మూలకు జరిగీ జరిగీ నా దివాను నాకే కొత్తగా కనబడేది.

పోనీ కోడలు గయ్యాళి అయినా బాగుండేది. నోరారా తిట్టుకుని తేలికపడేదాన్ని. కానీ మా కోడలు మంచిది, అసలు తంటా అదే. నా మందులు ఆమెకే గుర్తుంటాయి. నాకు ముందు పెట్టనిదే తాను తినదు. పడకగది తలుపు పగలంతా బార్లా తెరిచి, మిషను తొక్కుతూనే నాతో మాట్లాడుతుండేది. "అత్తమ్మా, గీ రంగుకు ఏ దారం బాగుంటదంటరు?" అని అక్కడి నుంచే అరిచేది. నేను ఇక్కడి నుంచే అరిచేదాన్ని. "మా అత్తమ్మ దగ్గినా నాకు వినబడాలె, అందుకే తలుపు ముయ్య" అని గిరాకీలకు చెప్పేది. ఇంత మంచిదాని మీద ఎవరికేమని చెప్పుకోను? అద్దెకు గది తీసుకోవచ్చు కదా అనొచ్చు మీరు. నేను చెప్పింది పింఛను లేని చిన్న బడిలో. పైగా కొడుకుండగా ముసల్ది అద్దెకుంటోందంటే ఊళ్లో మా వాడి మొహాన ఉమ్మేస్తారు.

మా సంఘంలో పిడికెడు బియ్యం అని ఒక పద్ధతుంది. ఇంటి ఆడది అన్నానికి బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ బియ్యాన్ని సంచిలో పోసి చర్చికి తీసుకుపోతే, స్త్రీల సమాజం వాళ్లు అవసరమున్నవాళ్లకు పంచుతారు. ఆ మూడు గదులకు కూడా అందులోంచే పోతాయి. ముప్పై ఏళ్లు మా ఇంట్లో ఆ పిడికెడు నాదే. ఇప్పుడు కోడలిది. వంట ఎవరిదైతే పిడికెడు వాళ్లది, అది న్యాయమే. జాకెట్ల ముక్కలతో మా కోడలు కుట్టిన సంచి చూడముచ్చటగా ఉంటుంది, పసుపు ముక్క, ఎర్ర ముక్క, నెమలి కంఠం రంగు ముక్క. ఆ సంచి మోసుకుని నేను చర్చికి పోయేదాన్ని. మోత నాది, పిడికెడు ఆమెది.

నా స్నేహితురాలు కూడా ఒక చిన్న సంచి తెచ్చేది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"నీ బియ్యం తిరిగి నీకే వస్తయ్ గదక్కా, ఎందుకు తెచ్చుడు?"

"వస్తే రానియ్యే. నా చేతుల నుంచి పోయి వచ్చినయ్ గదా" అంది.

చూడండి, ఆమెకు పొయ్యి కూడా ఉంది. పిడికెడూ ఉంది. ఎవరూ లేని మనిషికి అన్నీ ఉన్నాయి.

పోయిన ఎండాకాలం మూడో గది ఖాళీ అయింది. అందులో ఉన్న ముసలమ్మను చెల్లెలి బిడ్డ వచ్చి మంథని తీసుకుపోయింది. ఆ మాట చెవిన పడగానే నాకు నిద్ర పట్టలేదు. నా దోస్తు పక్కన గది. మధ్యలో ఒక్క గోడ. ఆ గదుల అరుగు మీద ఇద్దరం కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకోవడం, ఎండెక్కాక ఎవరి గదిలో వాళ్లం గొళ్లెం పెట్టుకోవడం, అన్నీ కళ్లకు కట్టాయి. శనివారం చర్చి బోర్డు మీద బైబిలు వాక్యం రాయడానికి పోయినప్పుడు పాస్టరు గారి భార్యను కదిలించాను. ఆమెను మేమంతా అమ్మగారు అంటాం, వయసులో నాకంటే చిన్నదే.

"మూడో గది ఎవలకన్న ఇచ్చిండ్రా అమ్మగారు?"

"ఇంక లేదు టీచరమ్మా. మీ ఎరుకల ఎవలన్న ఉన్నరా?"

"ఉన్న. నేనే."

ఆమె పకపకా నవ్వింది. "మీకేం ఖర్మ టీచరమ్మా! కొడుకున్నడు, ఇల్లున్నది, మహారాణి లెక్క చూసుకునే కోడలున్నది." నేనూ నవ్వాను. లోపల ఒళ్లు మండిపోయింది.

అటు నుంచి అటే రెండో గదికి పోయాను. నా స్నేహితురాలు నేను చెప్పిందంతా విని నెత్తి కొట్టుకుంది.

"నీకు పిచ్చి లేసిందా? గీ గదులు ఎవ్వరు లేనోళ్లయే. ఉండి లేనోళ్లు గూడ ఉంటరనుకో, గాళ్ల సంగతి పెద్దలు ఆలోచించాలె. నీకేమైంది? ఉట్నూర్ దిక్కు ఊరామె ఒకామె ఉన్నది, ఆడపిల్లల హాస్టల్ల వంట చేసేది. ఇప్పుడు ఎవల్దో వరండాల పంటున్నదట. గామెకు వస్తే బాగుండు."

నాకు వస్తే బాగుండునని అనలేదు. ముక్కూ మొహం తెలియని మనిషికి వస్తే బాగుండునట! ఆ మనిషికి తలదాచుకునే చోటు లేదని విని కూడా నాకు జాలి కలగలేదు, పోటీకి వచ్చిందన్న కోపమే వచ్చింది. ఇంటికొస్తుంటే మాత్రం ఆమె అన్న మాటే ఒకటి పట్టుకుంది. ఉండి లేనోళ్లు. కొడుకున్నా దిక్కులేనివాళ్లకు కూడా గది ఇవ్వాలని పెద్దలకు తోస్తే చాలు, నా దారి తెరుచుకుంటుంది. వాళ్లకు తోచేలా చేయాలి.

చర్చి గుమ్మం దగ్గర ప్రార్థన చీటీల డబ్బా ఉంటుంది. ఎవరి కష్టం వాళ్లు రాసి వేస్తే ఆదివారం పాస్టరు గారు పేరు లేకుండా చదువుతారు, అందరూ మోకరించి ప్రార్థిస్తారు. ప్రతి వారం బోర్డు మీద రాసేదాన్ని కాబట్టి నా అక్షరాలు ఊరంతటికీ తెలుసు. అందుకని ఎడమచేత్తో రాశాను. కొడుకు, కోడలు ఉండి కూడా తలదాచుకునే చోటు లేని ఒక తల్లి కోసం ప్రార్థించండి. అక్కడితో ఆపితే సరిపోయేది. నా కడుపులో మంట ఆగనివ్వలేదు. ఒక పూట అన్నం పెడితే ఒక పూట పెట్టరు అని కింద ఇంకో వరస కలిపాను.

ఆదివారం పాస్టరు గారు ఆ చీటీ చదివారు. చర్చి అంతా అయ్యో అంది. మోకరించాం. నా పక్కనే మా కోడలు కొంగు నెత్తిన కప్పుకుని, పైకే ప్రార్థన మొదలుపెట్టింది. "ప్రభువా, గా తల్లి ఎవలో నీకెరుక. గామె ఆకలి నాకు పెట్టు, నా అన్నం గామెకు పెట్టు" అని ఏడ్చింది. ఆమె కన్నీళ్లు నా చేతి మీద పడ్డాయి. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను. లేచి నిలబడి నేనే అని చెప్పాల్సింది అప్పుడే. గది గుర్తొచ్చింది. లేవలేదు.

ఇంటికొచ్చినప్పటి నుంచి అదే మాట. మిషను తొక్కుతూ, తెరిచిన తలుపులోంచి అరుస్తూనే ఉంది.

"ఎవలై ఉంటరు అత్తమ్మా?"

"ఏమోనే."

"గా కోడలు మనిషేనా? ముసలి ప్రాణానికి అన్నం పెట్టకుండ గామె నోట్లెకు ముద్ద ఎట్ల పోతదో! మన సంఘంల గసుంటి కోడలున్నదంటే నాకు సిగ్గయితున్నది."

"అవునే" అన్నాను. దేవుడు చూస్తుండగా, అవునే అన్నాను.

వంట చేసినప్పుడల్లా ఆమె రెండేసి పిడికెళ్లు తీసింది. కొత్త ముక్కలు ఏరి కొత్త సంచి కుట్టింది, ఆకుపచ్చ అంచు వేసి మరీ. నాలుగు రోజులకు నిండితే బుధవారం స్త్రీల సమాజానికి పోయి అమ్మగారి చేతికిచ్చింది. "గా తల్లికే ఇయ్యుండ్రి అమ్మగారు, ఎవలని నేను అడుగ" అని చెప్పి వచ్చానంది. చెబుతుంటే ఆమె మొహం కళకళలాడింది.

శుక్రవారం అమ్మగారు మా ఇంటికొచ్చింది. జాకెట్టు గుడ్డ, ఒక పెద్ద బ్యాగు తెచ్చుకుంది. నా దివాను మీద కూర్చుంది. ఎప్పుడూ మా కోడలితో ఇకఇకలు పకపకలు ఆడే మనిషి, ఆ రోజు మొహం గంటుపెట్టుకుని కొలతలిచ్చింది. కోడలు చాయ్ పెట్టడానికి వంటింట్లోకి పోగానే నా చెవి దగ్గరికి వంగింది.

"చీటి ఎవలు రాసిండ్రో నాకు తెల్సు టీచరమ్మా. నా పిల్లలిద్దరు మీ దగ్గరనే చదివిండ్రు. తెల్లకాయితం ముట్టుకుంటే ఎడమదిక్కు మార్జిన్ గీత గీయకుండ మీరు అక్షరం రాయరు."

మార్జిన్! నలభై ఏళ్లు పిల్లల చేత గీయించి గీయించి, దొంగ చీటీకి కూడా గీత గీశాను. ఎడమచేత్తో అయినా తిన్నగానే గీసి ఉంటాను.

"గా రోజు మీరు గది అడిగితె నేను నవ్విన. క్షమించుండ్రి. పెద్దలతోని మాట్లాడుతున్న, గది మీకే వస్తది, ఫికర్ చేయకుండ్రి" అంటూ బ్యాగులోంచి ఒక సంచి తీసి నా దిండు కిందికి తోసింది. "గదిలకు పోయినంక వండుకుందురు."

నిజం చెప్పడానికి అప్పుడు కూడా టైముంది. కోడలు గ్లాసులు కడుగుతున్న చప్పుడు వినబడుతోంది. భయం వేసింది, నిజమే. కానీ ఆ భయం కింద సంతోషం కూడా ఉంది. గది నాకే వస్తుంది. నోరు మూసుకున్నాను. కోడలు చాయ్ తెచ్చింది. అమ్మగారు గ్లాసు ముట్టకుండానే లేచి పోయింది.

"చాయ్ ముట్టనే లేదేంది అత్తమ్మా? నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?" అని కోడలు పరేషానైంది.

ఇంతలో ఇంకో గిరాకీ వచ్చింది. ఆమెను కూర్చోబెట్టడానికి కోడలు అలవాటుగా నా దిండు పక్కకు తీసింది. కింద ఆకుపచ్చ అంచు సంచి. తాను కుట్టిన సంచి, తాను తీసిన బియ్యం. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. నా మొహం చూసింది. తాకని చాయ్ గ్లాసు చూసింది.

"రేపు రా అక్కా" అని గిరాకీని పంపించి, సంచి ఒళ్లో పెట్టుకుని నా ఎదురుగా కింద కూర్చుంది.

"గా తల్లి మీరేనా?"

నేను దిండును మళ్లీ దాని చోట పెట్టాను.

"ఆదివారం సంది నేను తిట్టింది నన్నేనా అత్తమ్మా?"

"గది కోసం రాసిన బిడ్డా. చర్చి ఎనుక గది."

"ఏ పూట పెట్టలే నేను? చెప్పుండ్రి. ఏ పూట?"

ఏ పూటని చెప్పను? ఆమె పడకగది వైపు చెయ్యి చూపించింది.

"గదే కావాల్నంటే గా గది మీదే గదా. మిషను హాల్ల ఏసుకుందును, మేము గూడ హాల్లనే పండుకుందుము. ఒక్కసారి నోరు తెరిచి అడిగిండ్రా?"

అడగలేదు. ఇచ్చేసిన మంచిదాన్నన్న పేరు పోతుందని అడగలేదు. ఆ రోజు కూడా ఆమె నాకు ముందే అన్నం పెట్టింది. ఇంకొంచెం వేసుకోండ్రి అని మాత్రం అనలేదు. నా కొడుక్కు చెప్పలేదు. చెప్పి, వాడు నన్ను నాలుగు మాటలంటే నాకే తేలికగా ఉండేది.

మర్నాడు పొద్దున్నే అమ్మగారి దగ్గరికి పోయి, ఆ చీటీలో రాసింది అబద్ధమని చెప్పాను. ఆమె నా రెండు చేతులు పట్టుకుంది.

"భయపెట్టిండ్రా టీచరమ్మా? తల్లులందరు గిట్లనే కప్పుకుంటరు."

"కాదమ్మా, నిజంగ అబద్ధం రాసిన."

"నాకు తెల్సు, నాకు తెల్సు" అని వీపు నిమిరింది. నేను ఎంత గట్టిగా కాదంటే ఆమెకు అంత గట్టిగా నమ్మకం కుదిరింది. నాలుగు రోజుల్లో మా సంఘం ఆడవాళ్లు కుట్టడానికిచ్చిన గుడ్డలు ఒక్కొక్కటే వెనక్కి తీసుకుపోయారు. ఒకామెకు ఇంట్లో పెళ్లి వాయిదా పడిందట, ఇంకొకామెకు రంగు నచ్చలేదట. అమ్మగారు ఎవరికి చెప్పిందో, వాళ్లు ఎవరికి చెప్పారో. కోడలు ఒక్క మాట అనకుండా మడత పెట్టి ఇచ్చేసింది. చాలా ఏళ్ల తర్వాత నా దివాను ఖాళీగా ఉంది, నేను కాళ్లు చాపుకోవచ్చు. చాపుకోలేకపోయాను.

బుధవారం స్త్రీల సమాజంలో పాట అయిపోగానే లేచి నిలబడ్డాను.

"చీటి రాసింది నేనే. నా కోడలు నాకు ఏ పూట తక్కువ చేయలే. మూడో గది మీద ఆశతోని, గీ అక్కను చూసి ఓర్వలేక రాసిన."

అందరి మొహాల్లో జాలే. పాపం, కోడలికి భయపడి చెబుతోంది అని వాళ్ల కళ్లే అంటున్నాయి. నాకు ఏడుపొచ్చింది. ఇంకేం చెబితే నమ్ముతారు? అప్పుడు వెనక వరసలోంచి నా స్నేహితురాలు లేచింది.

"గీమె చెప్పేది నిజమే. గీమెకిది చిన్నప్పటి అలవాటు. బోర్డింగ్ల కిటికీ కింద చాప ఏసుకునే జాగ నాది. గా జాగ కోసం, నేను పిల్లగాళ్లకు చీటీలు ఇసురుతున్ననని మేట్రన్‌కు చెప్పి నన్ను కొట్టించింది. గప్పుడు చీటీల ముచ్చటనే, గిప్పుడు చీటీల ముచ్చటనే."

ముందు ఒకామె నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. చర్చి హాలు హాలంతా నవ్వింది. అమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నన్ను నమ్మారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నేలచూపులు చూస్తూ కూర్చున్నాను.

బయటికొచ్చాక నా స్నేహితురాలి చెయ్యి పట్టుకుని అడిగాను.

"నీకెట్ల తెల్సక్కా? మేట్రన్ చెప్పిందా?"

"చెప్పాల్నానే? తెల్లారి కిటికీ కింద ఎవలు పండిండ్రో నాకు కండ్లు లేవా?"

"మరి ఇన్నేండ్లు అడుగలే?"

"అడిగితె నువ్వు నాతోని మాట్లాడుడు బంద్ చేస్తవని. నాకు ఇంకెవలున్నరే?"

ఆమె గదిని చూసి, గొళ్లెం చూసి, జామకాయ చూసి కుళ్లుకున్న నేను, పట్టుకున్న చెయ్యి వదలకుండా ఆమె గుమ్మం దాకా నడిచాను.

మూడో గది ఉట్నూర్ దిక్కు ఆమెకే వచ్చింది. ఆమె మాటల్లో సగం మరాఠీ. నా స్నేహితురాలికి ఆ మాటలు సగమే అర్థమవుతాయి, అయినా ఇద్దరూ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ గంటలు గంటలు నవ్వుకుంటారు. ఆ నవ్వు వింటే ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది. మారానని అబద్ధం చెప్పను, అబద్ధాలు చాలు.

సంఘం ఆడవాళ్లు గుడ్డలు తిరిగి తెచ్చారు. కొందరు మా కోడలి చేతులు పట్టుకుని తప్పైపోయిందన్నారు. ఆమె అందరికీ చాయ్ ఇచ్చింది. నా మందులు వేళకిస్తోంది, నాకు ముందే పెడుతోంది. మంచితనంలో ఇసుమంత తేడా లేదు. ఆదివారం సంచి మాత్రం నాకివ్వడం లేదు, తానే మోసుకుపోతోంది. గది మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఏ మొహం పెట్టుకుని అడగను?

ఇంకొకటి కొత్తగా మొదలైంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆమె పడకగదిలోకి పోతుంది, తలుపు మూసుకుంటుంది, లోపలి నుంచి గొళ్లెం పెట్టుకుంటుంది. తర్వాత మిషను చప్పుడు మొదలవుతుంది. దారం రంగు ఎవరినీ అడగదు.

మొన్న ఒక గిరాకీ వచ్చి దివాను మీద కూర్చుంది. నేను లేచి పోయి తలుపు మెల్లగా కొట్టాను. మిషను ఆగింది. గిరాకీని తీసేస్తే ఇంట్లో ఉన్నది మేమిద్దరమే.

"ఎవలు?" అంది లోపలి నుంచి.

"నేనే బిడ్డా" అన్నాను.